ఆడవాళ్ల సంచిలో జాబు

సత్యవేడు. హెడ్ కానిస్టేబులుగా రిటైరై సంఘ పెద్దగా కుదురుకున్న జయరావు ఇంటి వసారా. ఎదురుగా పీట మీద, రెండేళ్ల కిందట పోయిన ఆయన తమ్ముడు దయానంద్ భార్య రూతు. ఆమె రెండో పెండ్లికి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని అడిగే ప్రకటనను వచ్చే ఆదివారం చర్చిలో మూడోసారి, ఆఖరుసారి చదవాలి. అంతలో ఆ పెండ్లికి అభ్యంతరం చెబుతూ పేరు లేని జాబొకటి వచ్చిపడింది.

“...అందుకే చెప్తాండా, నిన్ను అనుమానించేదానికి పిలవలా. సాక్షిగా పిలిచినా.”

“దేనికి సాక్షి బావా?”

“నీ పెండ్లికి అడ్డం పడినోడు ఎవుడో తేలాల. ముప్పై నాలుగేండ్లు డిపార్టుమెంటులో నలిగినోన్ని. కోళ్ల దొంగ మొదులు ఎర్రచందనం దొంగ దాకా పట్టినా. సంఘంలో దూరిన ఈ ఆకాశరామన్న నాకొక లెక్కా?”

“మన సంఘంలో రామన్న యాడ దూరినాడు బావా! ఇంతకీ జాబు యాడ దొరికింది?”

“కానుక సంచిలో. అదీ ఆడోళ్ల పక్క తిప్పే సంచిలో.”

“అయితే రాసింది ఆడదే గదా.”

“ఇందుకే మీ తెలివిని నమ్మేది కాదు. ఆడది రాసుంటే మూడు పేజీలు, మధ్యలో ఏడుపు. ఇది ఒక్క ముక్క. మొగోడే. పెండ్లాం చేత సంచిలో వేయించినాడు.”

“అబ్బ, ఏం బుర్ర బావా మీది!”

“సూడు మల్ల. పోటీ అని చెప్పి, సంఘంలో మొగోళ్లందరి చేతా పరలోక ప్రార్థన రాయించినా. ఇరవై రెండు కాయితాలు. రాత పోల్చేదానికి.”

“కలిసిందా?”

“యాడ! సగం మందికి ప్రార్థనే రాదు. వరదయ్య ఆమేన్‌తో మొదులుపెట్టినాడు.”

“ఆడోళ్ల చేత రాయించలేదా?”

“వాళ్ల చేత ఎందుకు? మొగోడని తేలినాక!”

“నిజమే. తేలినాక ఎందుకు.”

“నాకు గిరిప్రసాద్ మీద అనుమానం. నీ కుట్టు మిషన్ దగ్గరికి చొక్కాలకని వస్తా పోతా ఉంటాడు. వాడేమన్నా నిన్ను...”

“కాజాలు కుట్టించుకోని పోతాడు. జాబులో ఏముండాది?”

“విచారణలో ఉన్నదాన్ని బయట పెట్టకూడదు.”

“పెండ్లి నాది బావా.”

“నీదే. ఎవురు కాదన్నారు? మునికుమార్ మాదిరి సంబంధం దొరికేదెంత కష్టం! చిత్తూర్లో మామిడి మండీకి సూపర్‌వైజరు...”

“ముగ్గురు పిల్లోళ్లు. మంచం పట్టిన తల్లి.”

“అడుగు పెట్టేసరికే నిండు సంసారం! బైబిల్ వాక్యంలో నీ పేరుగలామె మొగుడు పోయినాక మల్లా చేసుకోలేదా?”

“ఆమె కాళ్లతో ఆమె పోయింది బావా. నన్ను తోలతాండారు.”

“తోలేదేముంది? ఒంటి ఆడది, వీధి పక్క గదిలో మిషన్ పెట్టుకోని... ఊరంతా సూస్తాండాది. నువ్వు పోతే ఆ గదికి...”

“ఆ గదికి?”

“ఏం లేదు.”

“మొన్న వెల్డింగు మునిరామయ్య వచ్చి ఆ గదికి అంగడి షట్టరు కొలతలు తీసుకోని పోయినాడు. మీరు పంపినారంట.”

“అది... అది వేరే. కేసు పక్కకు పోతాండాది. నువ్వు కేసు సూడు.”

“కేసే సూస్తాండా. జాబులో ఏముండాదో చెప్పండి.”

“ఏముంటాది, పనికిమాలిన ముక్క. ‘పెండ్లికూతురికి ఈ పెండ్లి ఇష్టం లేదు’ అంట. అంతే. ఎంత కొవ్వు సూడు! నీ మనసులో ఉండేది వాడికెట్లా తెలుసు?”

“అది నిజమా అని నన్నెవురన్నా అడిగినారా బావా?”

“నిన్నడిగేదేముంది? రాసినోడు దొరికితే గదా నిజమో అబద్ధమో తేలేది!”

“అవునవును. పాస్టరు గారేమన్నారు?”

“పేరు లేని జాబు చెల్లదన్నాడు. ఆదివారం మూడో ప్రకటన చదివేస్తాడు, గురువారం పెండ్లి. అదే ఎవురన్నా సంతకం పెట్టి నిలబడితే మాత్రం, సంఘం ముందర విచారించేదాకా పెండ్లి ఆపాల్నంట. అది పద్ధతంట.”

“అయితే ఒక్క సంతకమే తక్కువ.”

“నేను చెప్తాండేదీ అదే! దమ్ముంటే పెట్టమను. పెట్టడు. ఇట్లాంటోళ్లను ఎంతమందిని సూడలా? రాసిపెట్టుకో, పెట్టడు!”

“జాబు మీ జోబీలోనే ఉండాదా?”

“ఉండాది. ఎందుకు?”

“ఇట్లియ్యండి, మీ పెన్ను కూడా. ఆ పొద్దు సంచి దగ్గరికొచ్చేసరికి, తొందరలో సంతకం పెట్టేది మర్సిపోయినా.”