కోడలి శక్తి అత్త మోకాళ్ళలో

గౌరమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆవిడకో కోడలు, నూకరత్నం. కొడుకు వలసపనికెల్లి ఊళ్ళో లేడు, ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే అనుకో. ఏమైందంటే, కోడలికి జొరమొచ్చి తగ్గలేదు. కళ్ళు పచ్చబడ్డాయి, లేచి నిలబడలేకపోతంది. ఆస్పత్రికెల్లాలంటే గెడ్డ, అదే వాగు, దాటి రోడ్డెక్కాల. మోసుకెల్లేవోళ్ళేరి? కోతల రోజులు, ఊరంతా పొలాల్లోనే ఉందంట. పిల్ల పోతాదేమోనని గౌరమ్మకి ఒకటే దడ. అప్పుడెవరో సెప్పేరంట, పక్కనే సంతలో పెట్టె డాక్టరున్నాడు, మనిషిని తేనక్కర్లేదు, నాలుగెంట్రుకలిస్తే సాలు అని.

ఆ పెట్టెని నేను సూసేను గనక సెప్తన్నాను. పాత రేడియో డొక్కు, లోపల రాగితీగ, మీద గుండీలు. మొదట్లో రోగి వొచ్చి తీగ పట్టుకోవాలనేవోడంట. తర్వాత తీగొద్దు, రక్తం సుక్క సాలన్నాడు. ఆ తర్వాత ఎంట్రుక సాలన్నాడు. ఇంకో రెండేళ్ళు పోతే రోగం కూడా అక్కర్లేదంటాడేమో. నవ్వకండి, ఆయన మాత్రం నమ్మే సేసేడు.

గౌరమ్మ కంగారులో ఏం సేసిందంటే, సూరులో దోపిన సిక్కుజుత్తు ఉండ పీక్కుని, కర్ర పట్టుకుని కుంటుకుంటూ ఎల్లింది. మన ఆడోళ్ళు జుత్తుకి గిన్నెలిచ్చేవోడికిద్దామని దాస్తారే, అదే. డాక్టరు దాన్ని సిన్న గిన్నెలో పెట్టి, ఒక సేత్తో గుండీ తిప్పుతూ, ఇంకో సేతి వేలితో రబ్బరు బిళ్ళ మీద రాస్తన్నాడంట. గుండీ ఏ అంకె కాడుంటే వేలు అతుక్కుందో, ఆ అంకె రోగమంట. అతుక్కుంది. ఈమెకి జొరం లేదమ్మా, మోకాళ్ళు అరిగిపోయాయి అన్నాడు. "మోకాళ్ళు నావి బాబూ, జొరం దానిది!" "పెట్టె తప్పు చెప్పదమ్మా. రోగం తగ్గించే శక్తి పెట్టెలోంచి బయల్దేరిపోయింది, రేపటికి చేరుతుంది." ఆవిడ కుంటుకుంటూ రావడం ఆయన సూసేడా లేదా, అది నన్నడక్కండి.

తెల్లారి సూస్తే కోడలు అలాగే మూలుగుతంది. గౌరమ్మ లేచి నిలబడితే, నొప్పి లేదంట! ఇదేటి? కూసుంది, లేచింది, మళ్ళీ కూసుంది. లేదు. అప్పుడు తట్టింది, ఆ ఉండలో దానిదీ నాదీ జుత్తు కలిసుంది కదా, దానికి రావాల్సిన శక్తి నాకొచ్చీసింది అని. గొల్లుమన్నాది. నీ పేనం నాను తినేసేనే అంటంది. కోడలికేమీ అర్థం కాలేదు. "ఏటత్తా, ఎవుల శక్తి?" "నీదే, నా మోకాళ్ళలో ఉంది. ఎలాగిచ్చేది నీకు?" డాక్టర్నడుగుదామంటే సంత అయిపోయి ఆయనెల్లిపోయేడు. ఆలోసించి ఆలోసించి, సరే, నీ శక్తితోనే నిన్ను మోస్తానని, సీర బిగించి, కోడల్ని వీపునేసుకుని గెడ్డలో దిగిపోనాది. నీళ్ళు లాగేస్తన్నాయి. దింపీ అత్తా, పడిపోతాం అంటే, "నోర్ముయ్, ఇవి నీ కాళ్ళే" అన్నాదంట.

ఆస్పత్రిలో సూదులేసేరు, సెలైనెక్కించేరు, కోడలు బతికి లేచి నడిసింది. అది నడిసిన కాణ్ణుంచి గౌరమ్మ మోకాళ్ళు మళ్ళీ పట్టేసేయి. ఏడుస్తాదనుకున్నాం. ఏడవదే! కాళ్ళు రాసుకుంటా, దానిది దానికి సేరిపోనాది అని మురిసిపోతంది. పెట్టె సేసిందో, సూదులు సేసేయో, ఆవిడ బయమే సేసిందో, నాకిప్పటికీ తెలీదు. కోడలు మోకాళ్ళకి మందు తెస్తే మాత్రం ముట్టుకోదు. నొప్పి తగ్గితే మళ్ళీ కోడలు మంచమెక్కుద్దని బయమంట. ఏటి సెప్తాం ఆవిడకి, మీరే సెప్పండి.