లక్షా పదకొండు వేల నూట పదకొండు

స్కానింగ్ చేయించుకుని, ఆ గది బయట బెంచీ మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. కూతురు డాక్టరు గదిలోంచి వచ్చి, రిపోర్టు కవరు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. ఎక్కడ ఎదురుచూడాల్సి వచ్చినా ఒకరు పెద్ద సంఖ్య చెప్పడం, రెండోవాళ్లు దాన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడం ఆమె చిన్నప్పటి నుంచీ ఇద్దరికీ అలవాటు.

"ఏమన్నారు?"

"చెప్తాను నాన్నా. మందులు రాసిస్తారట, కూర్చోమన్నారు."

"అయితే ఈలోపు ఓ సంఖ్య చెప్పు."

ఆమె కాస్త ఆలోచించింది. "లక్షా పదకొండు వేల నూట పదకొండు."

"అన్నీ ఒకట్లేగా. మూడు, ఏడు, పదకొండు, పదమూడు, ముప్పై ఏడు. అంతేనా?"

"అంతే. టక్కున చెప్పేశావు."

"చెప్పక ఏం చేస్తాను? అరటిపండు ఒలిచి చేతిలో పెట్టావు. మొన్న నా ఒళ్లు కాలిపోతున్నప్పుడు కూడా జాలిపడలేదే నువ్వు. అసలు విడిపోని సంఖ్య ఇచ్చి, గంటసేపు తిప్పలు పెట్టి నవ్వావు."

"అది ఉత్త జ్వరమేగా నాన్నా."

అనేశాక గానీ తనేమన్నదో ఆమెకు తెలియలేదు. తండ్రి కవరు వైపు చూడలేదు.

"సరే. ఇప్పుడు నాకు తగ్గది ఒకటి ఇవ్వు."

"పది వేల నాలుగు వందల మూడు."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"మూడుతో పోదు. ఏడుతో పోదు, పదకొండుతోనూ పోదు..." గొణుగుతూ గొణుగుతూ ఆగాడు. "నూట రెండుని నూట రెండుతో హెచ్చవేసి ఒకటి తీసేస్తే ఇదే. అంటే నూట ఒకటి, నూట మూడు."

"అవును."

"బుర్ర సరిగ్గానే ఉంది కదా. ఇప్పుడు చెప్పమ్మా, డాక్టరేమన్నారు?"