శేషగిరి అంకుల్ వైకింగులకు ఇళ్ళు ఇప్పించిన వైనం

డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో ఓ అద్దె హాలు. ఆదివారం సత్యనారాయణ వ్రతం ముగిసింది, టీలు పట్టుకుని కూర్చున్నాం. రేపు పొద్దునకల్లా గది ఖాళీ చెయ్యాల్సిన ఆశ్రిత, ఇక్కడ మాస్టర్స్ చదివే పిల్ల, "అంకుల్, నా గది సంగతి..." అంది. శేషగిరి అంకుల్ అప్పటికే అందుకున్నాడు.

"గదికేం తొందరమ్మా, ఉండు చెప్తాను. ఈ డబ్లిన్ ఉందే, రాజధానన్న మాటే గానీ ఇంతే ఊరు, అటు సముద్రం, ఇటు కొండలు, మధ్యలో లిఫీ నది. కానీ మహా గడుసుది. గ్రాండ్ గ్రాండ్, అంతా బావుంది అని నవ్వుతుంది, తలుపు మాత్రం తియ్యదు. నాకు తీసింది! వచ్చిన కొత్తలో ఒక్క ఫోన్‌తో ఇల్లు పట్టాను."

"ఇల్లు చూసే వ్యూయింగ్‌కి క్యూ లేదా అంకుల్?" అన్నాడు పక్కనే కూర్చున్న త్రినాథ్.

"నూటయాభై మంది! నన్ను చూసి అందరూ పక్కకి జరిగారు. అదేం గొప్ప? ఆ ఇంటి పెరట్లో పుదీనా వేద్దామని పార దించితే ఖంగుమంది. ఈ ఊరు కట్టింది వైకింగులే కదా, వెయ్యేళ్ళ కిందట పడవలేసుకొచ్చి నల్లమడుగు, డబ్లిన్ అంటే అర్థం అదేలే, దాని ఒడ్డున దిగి, దోచుకుని, మనుషుల్ని బానిసలుగా అమ్ముకుని... అలాంటివాడొకడు పార కింద, ఇనప టోపీతో సహా! లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గార్డ్స్ వచ్చి పోలీస్ స్టేషన్‌కి పట్టుకెళ్ళుంటారు," అన్నాడు త్రినాథ్.

"గార్డ్స్ దేనికయ్యా? వాడే నా కాళ్ళ మీద పడి, బాబ్బాబు, ఊరు కట్టినవాణ్ణి, నాకే గది దొరకట్లేదు అని ఒకటే ఏడుపు. ఇప్పించాను. అంతే, మర్నాటికి లిఫీ పొడుగునా క్యూ! వైకింగులు, కరువులో ఆకలికి పోయినవాళ్ళు, తిరుగుబాటులో గుండ్లకి కూలినవాళ్ళు, ఊళ్ళో చచ్చినవాళ్ళంతా, మూడు లక్షల మంది. సాయంత్రంలోపు ఒక్కొక్కడికీ ఇల్లు చూపించి, లీజు రాయించి, బాయిలర్ పనిచేస్తోందో లేదో చూసి మరీ పంపాను. చోటు చాలక సముద్రాన్ని రెండు మైళ్ళు వెనక్కి జరగమన్నాను. జరిగింది!"

అందరం నవ్వాం. ఆశ్రిత నవ్వలేదు.

"అంకుల్, ఊరవతల క్లోనీలో దొరికిన గది వదిలెయ్యమన్నది మీరే. అంత దూరం ఎందుకమ్మా, నాకో ఓనరు తెలుసు, మాటిస్తున్నా అన్నారు. మీరు పెద్దవారు, వ్రతం పీటల మీద కూర్చునే మనిషి, మాటిచ్చాక మళ్ళీ అడిగితే ఏం బాగుంటుందని ఆ లీజు మీద సంతకం పెట్టలేదు. ఇప్పుడు ఆ ఓనరుకి ఫోన్ చెయ్యండి. మా అందరి ముందూ."

అంకుల్ ఫోన్ తీశాడు. వేలు పైకీ కిందకీ కాసేపు ఊరికే తిరిగింది.

"ఎవరూ లేరమ్మా," అన్నాడు. "ఆ రోజు నువ్వు ఏడుస్తుంటే నోరు ఊరుకోక అనేశాను. తప్పు నాది. క్లోనీవాళ్ళనే మళ్ళీ అడిగితేనో?"

"నిన్న అందులో ఎవరో దిగారు."

"అయితే మా ఇంట్లోనే ఉందువుగాని, పద."

అంకుల్ భార్య సీతాలక్ష్మి ఆంటీ కప్పు కింద పెట్టింది.

"ఏ ఇంట్లోనండీ? మనమున్న ఇల్లు ఓనరు అమ్మేసుకున్నాక, నెల నుంచీ మనం త్రినాథ్ వాళ్ళ ముందుగదిలో నేల మీద కదా పడుకుంటున్నాం!"