కుడి చక్రం చల్లగానే ఉంది

సర్దుకోవడం ఆపి కాస్త విను తల్లీ. సాయంత్రానికి ఓనరు నిన్ను పంపించేస్తాడని షెడ్డంతటికీ తెలుసు. "వేడెక్కింది కుడి చక్రమని చెప్పింది, ఊడిందేమో ఎడమది" అని ఆయన గొంతు చించుకుంటుంటే నేను గ్రీజు డబ్బా ముందేసుకుని తలొంచుకు కూర్చున్నా.

నువ్వంటే నాకు పడదు. నీకు తెలియదా ఏంటి? ముప్పై ఏళ్లు ఈ లారీలన్నీ నా చేతి మీదుగా వెళ్లాయి. చక్రాన్ని జాకీ మీద లేపి, తిప్పి, చెవి పెట్టి వింటే చాలు, లోపల బేరింగు ఇంకెన్నాళ్లుంటుందో చెప్పేవాణ్ణి. "మేస్త్రీ, ఓసారి చూడవా" అంటూ డ్రైవర్లు నా చుట్టూ తిరిగేవాళ్లు.

నువ్వొచ్చావు. చక్రానికో సెన్సారు బిగించారు, అగ్గిపెట్టెంత కూడా లేదు, ఏ చక్రం వేడెక్కినా నీ గదిలో కంప్యూటరుకి చెప్పేస్తుంది. అంతే, అందరూ నీ గదికే. మన పొడుగు డ్రైవరు లేడూ, వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది నేను. వాడూ నన్ను దాటుకుని వెళ్లి నీ కిటికీ కింద నిలబడి "చెల్లెమ్మా, నా బండెలా ఉంది?" అనేవాడు. కడుపు మండదా మరి?

పోయిన సోమవారం కిందికొచ్చి, వాడి బండి వెనక ఎడమ చక్రం వేడెక్కుతోంది, బేరింగు విప్పి చూడండి మేస్త్రీ గారూ అన్నావు. అందరి ముందూ. నేను తిప్పి చూశా. ఏం వినపడలేదు. నిజం చెప్పనా, ఏడాదిగా నాకు చెవులు సరిగా పనిచేయట్లేదు. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

తప్పు నీ సెన్సారుదేనని తేల్చాలనుకున్నా. ఎడమ సెన్సారు తీసి కుడి చక్రానికి, కుడిది తీసి ఎడమ చక్రానికి బిగించా. చెడిపోయిందైతే ఎక్కడ పెట్టినా అదే అరుస్తుంది కదా. నీకు మాత్రం చెప్పలేదు. బేరింగు బాగానే ఉందని పుస్తకంలో రాసి బండి పంపించేశా. "ఆ అమ్మాయి ఫోన్ చేస్తే కంగారుపడకు, దిగి చెయ్యి పెట్టి చూసుకో" అని వాడికి చెప్పా.

నువ్వు ఫోన్ చేశావు, కుడి చక్రం కాలిపోతోందని. వాడు ఆపి, దిగి, కుడి చక్రం మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. మళ్లీ ఎక్కి పోనిచ్చాడు. దిగుడు రోడ్డులో ఎడమది ఊడిపోయింది. నీ కంప్యూటరు తప్పేం లేదమ్మా. కాలుతున్న ఎడమ చక్రం మీద కుడి సెన్సారుని పెట్టింది నేను.

నిన్న వాణ్ణి చూడ్డానికి ఆసుపత్రికెళ్లా. నడుం దగ్గర్నుంచి కాలంతా కట్టే. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? "నువ్వు చెప్పినట్టే చెయ్యి పెట్టి చూశా మేస్త్రీ, చల్లగానే ఉంది. చెల్లెమ్మ మాటే తప్పు" అన్నాడు. ఎన్నాళ్లకో నా మాట నమ్మాడు. ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది, చూడు నా బుద్ధి.

ఓనరు గదిలోనే ఉన్నాడుగా? వెళ్లి చెప్పేస్తా. నువ్వా అట్టపెట్టెలో సామాను తీసి మళ్లీ బల్ల మీద పెట్టుకో. పెట్టె నాకు కావాలి, నా పానాలూ సుత్తులూ సర్దుకోవాలి.