కన్నుకుట్టే కొలువు: శ్రీమతి పంజాల వసంత గారి ముప్ఫై ఆరేళ్ల ప్రస్థానం

1989వ సంవత్సరం ఆగస్టు 21వ తేదీ, సోమవారం ఉదయం, గొల్లపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఒక పాతికేళ్ల యువతి కోరుట్లలోని మన సాంకేతిక శిక్షణ కేంద్రంలో కుట్టు విభాగపు శిక్షకురాలిగా తొలి సంతకం చేశారు. ఆ యువతే ఈ 2025 సెప్టెంబరు 30వ తేదీన జగిత్యాల కేంద్రపు కంప్యూటర్ విభాగాధిపతిగా పదవీ విరమణ పొందుతున్న శ్రీమతి పంజాల వసంత గారు. సూదీదారాల గదిలో ఆరంభమై కంప్యూటర్ల గదిలో పరిపూర్ణమైన ఈ ప్రస్థానాన్ని సహోద్యోగులందరి పక్షాన అక్షరబద్ధం చేయడం ఈ సంచిక భాగ్యం.

అయితే ఈ వ్యాసానికి వసంత గారు ఒక షరతు పెట్టారు. అభినందన వ్యాసాలలో సహజంగా వచ్చే సహనం, త్యాగం, నిరాడంబరత వంటి మాటలు తన విషయంలో వద్దన్నారు. స్టాఫ్ రూములో అందరూ కూర్చుని టీ తాగుతుండగా ఆమె అన్న మాట ఇది: "రాస్తె నా కుళ్లు సంగతి రాయుండ్రి. గదే లేకపోతె నేను యాడికెల్లి ఈడిదాక వద్దును?" కాబట్టి ఆమె ఆజ్ఞను శిరసావహించి, ఆమె స్వయంగా చెప్పిన విషయాలనే ఇక్కడ పొందుపరుస్తున్నాము.

వసంత గారి తండ్రి కీర్తిశేషులు రాజమల్లు గారు గొల్లపల్లి శివారులో తాళ్లెక్కి కల్లు గీసిన వృత్తికారులు. తన కత్తిని తానే నూరుకుని, తన మోకును తానే పేనుకునే ఆయన, ఇంట్లో రేడియో మూగబోయినప్పుడు దానిని విప్పి చూడడానికి కూతురిని అడ్డగించలేదు. జగిత్యాలలో సైన్సు డిగ్రీ పూర్తి చేసిన వసంత గారు మన సంస్థలో ఎలక్ట్రానిక్స్ శిక్షకురాలి కొలువు కోసమే దరఖాస్తు చేసుకున్నారు. ఎంపిక చేసే పెద్దలలో ఒకరు ఆమెను వాత్సల్యంతోనే చూసి, ఆడపిల్లవు, కుట్టు విభాగం తీసుకో తల్లీ, నీడపట్టున ఉంటావు అని హితవు చెప్పారు. ఇంటికి ఆ జీతం అవసరం. ఆమె తలవంచి ఒప్పుకున్నారు.

కోరుట్ల కేంద్రంలో కుట్టు గదికి ఎదురుగా, వసారాకు ఆవలి పక్కన, ఎలక్ట్రానిక్స్ గది ఉండేది. శ్రీ గోవర్ధన్ గారు అక్కడ శిక్షకులు. టంకం కరిగే వాసన వసారా దాటి వచ్చి బట్టల వాసనలో కలిసిపోయేది. ఆగిపోయిన టీవీలో బొమ్మ ప్రత్యక్షమైనప్పుడు కుర్రవాళ్లు పెట్టే కేరింత వినిపించగానే, వసంత గారి చేతిలోని కత్తెర ఒక్క క్షణం గుడ్డమీద నిలిచిపోయేది. తెలుగులో అసూయను కన్నుకుట్టడం అంటారు. కుట్టు నేర్పే మనిషికి కన్నుకుట్టడం పగలూ రాత్రీ ఆగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ గోవర్ధన్ గారు తమ విభాగానికి వచ్చిన కొత్త పరికరాల గురించి ఉత్సాహంగా చెబుతుంటే, ఆమెకు ముద్ద మింగుడుపడేది కాదు. ఆయన సౌమ్యులు, ఆమెకు ఏ అపకారమూ చేయని వారు. అందువల్ల ఆ మంటను ఆయన మీద వెళ్లగక్కే అవకాశం కూడా ఆమెకు దొరకలేదు.

ఆ రోజులలోని ఒక ముచ్చటను ఆమె భర్త శ్రీ మహేందర్ గారు నేటికీ నవ్వుతూ చెబుతారు. మస్కట్‌లో పనిచేస్తున్న ఆయన సెలవుపై వస్తూ, ఊరంతా గొప్పగా చెప్పుకునే వీడియో ప్లేయర్‌ను ఇంటికి తెచ్చారు. సాయంత్రం చుట్టాలందరినీ సినిమాకు పిలిచి, ఏదో పనిమీద మెట్‌పల్లి వెళ్లి తిరిగి వచ్చేసరికి, ఆ ప్లేయర్ తునాతునకలుగా చాపమీద పరిచి ఉంది. మధ్యలో వసంత గారు కూర్చుని ఉన్నారు. మహేందర్ గారు గడపలోనే చతికిలపడ్డారు. చుట్టాలు వచ్చేలోగా ఆమె అన్నిటినీ యథాస్థానంలో బిగించారు, బొమ్మ పడింది, సినిమా నడిచింది. ఒక్క మరమేకు మాత్రం ఎక్కడిదో తెలియక చేతిలో మిగిలిపోయింది. "మిగిలితె మిగిలింది గని, నడుస్తున్నది గద, ఉండనియ్యి" అన్నారట మహేందర్ గారు. దూరదేశంలో ఉండి కూడా భార్య కోరికను ఇంత సులభంగా అర్థం చేసుకున్న ఆ సహృదయునికి మన సంస్థ తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

1998లో కోరుట్ల కేంద్రానికి కంప్యూటర్లు వచ్చాయి. వాటికోసం ఒక గదికి ఏసీ అమర్చి, కిటికీలకు తెరలు కట్టి, చెప్పులు బయటనే విడవాలని బోర్డు పెట్టారు. హైదరాబాద్‌లో శిక్షణకు సహజంగానే గోవర్ధన్ గారిని పంపారు. ఆయన తిరిగి వచ్చాక, తానూ నేర్చుకుంటానని వసంత గారు అడిగారు. గోవర్ధన్ గారు మర్యాదగానే సమాధానం చెప్పారు. "గివి మీకెందుకు మేడం? మీ పని మంచిగనే నడుస్తుంది గద."

ఆ మాటలో పరుషత్వం లేదు. అయినా ఆ వాక్యం ఆమెకు నెలల తరబడి చెవిలో జోరీగలా మోగింది. చివరకు సాయంత్రం విధులు ముగిశాక కోరుట్ల నుంచి మెట్‌పల్లికి బస్సెక్కి, అక్కడి ఒక ప్రైవేటు కంప్యూటర్ కేంద్రంలో, ఇంటర్ చదివే పిల్లల మధ్య ఆఖరి బల్లమీద కూర్చున్నారు. పక్క సీటు పిల్ల తనకంటే వేగంగా టైపు చేస్తే ఆ పిల్ల మీద కన్నుకుట్టింది. ఆ పిల్లను మించేదాకా నిద్రపోలేదు. మించిన తరువాత ఇంకొకరు కనబడ్డారు. ఇలా అసూయ మెట్ల మీదుగానే ఆమె ఒక్కొక్క పాఠమూ ఎక్కి, డిప్లొమా సంపాదించి, పై అధికారుల పరీక్షలో నెగ్గి, 2003లో సిరిసిల్ల కేంద్రానికి కంప్యూటర్ శిక్షకురాలిగా బదిలీ అయ్యారు.

సిరిసిల్ల మరమగ్గాల ఊరు. చీర అంచుమీది పువ్వును గళ్ల కాగితంమీద చేత్తో గీసి, దానిని మగ్గానికి ఎక్కించే విద్య అక్కడి పురుషులది. ఆ గీతను కంప్యూటర్ మీద గీయవచ్చునని, ఆ పనిని ఆడపిల్లలు చేయవచ్చునని వసంత గారు సంకల్పించారు. బట్ట ఎలా సాగుతుందో, ఎక్కడ ముడత పడుతుందో ఆమెకు పద్నాలుగేళ్ల కుట్టు విద్య నేర్పింది. తాను అంతకాలమూ చిన్నచూపు చూసుకున్న విద్య తన చేతికి ఇలా అక్కరకు రావడం చూసి ఆమే ఆశ్చర్యపోయారు. తొలి తరగతి తొలి రోజున ఆమె పిల్లలచేత కంప్యూటర్ డబ్బానే విప్పించేవారు. పాఠం ముగిశాక మార్కుల ప్రసక్తి తేకుండా, ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగేవారు: ఇయ్యాల ఏం చేస్తె నీకు సంబురమైంది? జవాబు లేని పిల్లకు మరునాడు వేరే పని ఇచ్చేవారు. పనిలో సంతోషం దొరికిన ఆడపిల్లను ఎవరూ వెనక్కి లాగలేరన్నది ఆమె విశ్వాసం.

ఆ తరగతిలోకే 2011లో వీర్నపల్లి నుంచి గీత వచ్చింది.

గీత తండ్రి సాయన్న రైతు. నాయనమ్మ సమ్మవ్వ బీడీలు చుట్టి ఇంటిని నిలబెట్టిన మనిషి, ఇంట్లో ఆమె మాటే చెల్లుబాటు. గీసిన పువ్వును మగ్గానికి కావలసిన లెక్కలోకి దానంతట అదే మార్చే ఒక ప్రోగ్రాము కోసం వసంత గారు అప్పటికి రెండేళ్లుగా కుస్తీ పడుతున్నారు. రెండవ ఏడాది చివరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం గీత ఆ ప్రోగ్రాము రాసి తెచ్చింది. అది పనిచేసింది. తరగతి అంతా చప్పట్లు కొట్టింది, వసంత గారూ కొట్టారు. ఆ సాయంత్రం మాత్రం ఆమె ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. గోవర్ధన్ గారి మీద కలిగినది సాటివారి మీది అసూయ. ఇది కన్నబిడ్డ వయసున్న శిష్యురాలి మీద. చెప్పుకోవడానికి కూడా సిగ్గు. ఆ తరువాతి వారమంతా ఏం చేస్తే సంబురమైందన్న ప్రశ్నను ఆమె గీతను మాత్రం అడగలేదు. గీత అది గమనించింది. తానేం తప్పు చేసిందో తెలియక, బల్లమీద తలవంచుకుని కూర్చునేది.

అంతలో వస్త్రాల నమూనాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే బెంగళూరు కంపెనీ ఒకటి గీతను కొలువుకు ఎంపిక చేసింది. సమ్మవ్వ ససేమిరా అంది. సాయన్న ఎటూ తేల్చుకోలేక, మేడం ఒక్కసారి వచ్చి మాట చెబితే దానిని బట్టి చూద్దామని కబురు పంపాడు.

ఆదివారం నాడు వీర్నపల్లి బస్సులో కూర్చున్న వసంత గారికి తన మనసు తనకే అద్దంలా కనబడింది. సిరిసిల్లలోనే ఏదైనా చిన్న కొలువు చూద్దాంలే, పిల్ల కళ్లముందు ఉంటుంది అని ఒక్క మాట అంటే చాలు. సమ్మవ్వ సంతోషిస్తుంది, సాయన్నకు భారం తీరుతుంది, లోకమంతా ఆమెను బాధ్యతగల ఉపాధ్యాయురాలని మెచ్చుకుంటుంది. తన కంటిలోని నలుసు కూడా తొలగిపోతుంది. వాత్సల్యంతో చెప్పిన హితవు ఒక ఆడపిల్లను ఎక్కడ కూర్చోబెట్టగలదో ఆమెకంటే తెలిసినవారు ఎవరు? బస్సు దిగేదాకా ఏ మాట చెప్పాలో ఆమె నిశ్చయించుకోలేకపోయారు.

సమ్మవ్వ చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని గద్దెమీద బీడీలు చుడుతూనే ఆమెను కూర్చోమంది. గీత చాయ్ తెచ్చి ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. వసంత గారు ఆడపిల్లల అభివృద్ధి గురించి, మంచి భవిష్యత్తు గురించి రెండు మాటలు మొదలుపెట్టగానే సమ్మవ్వ చేయెత్తి ఆపింది.

"మేడం, పంపుమని అందరు చెప్తరు. చెప్పెటోళ్లకు ఏం పోతది? నీ కడుపుల ఉన్నది చెప్పు. గా పని గంత మంచిదా?"

వసంత గారు చాయ్ గ్లాసును కింద పెట్టారు.

"నా కడుపుల మంట ఉన్నదవ్వా" అన్నారు. "నీ మనుమరాలిని చూస్తె నాకు కుళ్లయితంది. అది చేసిన పనికి నేను రెండేండ్లు తిప్పలవడ్డ. నాతోని కాలేదు. ఇప్పుడు దాన్ని పిలిసిండ్రు, నన్ను పిలువలే. నాకు యాభై దగ్గరికొచ్చినయి, ఇగ పిలువరు."

సాయన్న నేలచూపులు చూశాడు. తలుపు దగ్గర గీత తలెత్తి ఆమె వైపు చూసింది. సమ్మవ్వ చేతిలోని ఆకు సగం చుట్టి ఆగిపోయింది.

"నీకు సర్కారు నౌకరి ఉన్నది. నీకెందుకు కుళ్లు?"

"పొద్దందాక చేసినా యాష్టకు రాని, ఇసుగు పుట్టని పని అవ్వా అది. పండుకుంటె గూడ రేపెట్ల చెయ్యాల్నో అదే యాదికొస్తది. నేను దానంత ఉన్నప్పుడు నాకు గసొంటి పని దొరికితె ఎంత మంచిగుండు అనిపిస్తది."

సమ్మవ్వ ఆ సగం బీడీని పూర్తిగా చుట్టి, దారం కట్టి, చేటలో పెట్టింది. ఆ తరువాత మనుమరాలి వైపు తిరిగింది.

"నా పెండ్లయిన కాడికెల్లి బీడీలు చేస్తున్న. నా పని చూసి ఇంతదాక ఒక్కలు గూడ కుళ్లుకోలే. పో బిడ్డా, బట్టలు సర్దుకో."

గీత బెంగళూరు వెళ్లింది. ఆ ఆదివారంతో వసంత గారి అసూయ చల్లారిందని రాస్తే, ఆమె పెట్టిన షరతును ఉల్లంఘించినట్లవుతుంది. గీత ఫోను చేసి కొత్తగా నేర్చిన విషయాలు చెప్పినప్పుడల్లా మంట మళ్లీ రాజుకునేది. అందుకు ఆమె తనకు తెలిసిన మందే వేశారు. నేర్చుకున్నదంతా శనివారం శనివారం తనకు నేర్పమని శిష్యురాలినే అడిగారు. గీత మొదట మొహమాటపడింది, తరువాత గురువుకే తప్పులు దిద్దింది. ఆ శనివారాల పాఠాలు ఏళ్ల తరబడి సాగాయి. 2016లో జగిత్యాల కేంద్రానికి విభాగాధిపతిగా వచ్చాక ఆమె ఇక్కడి అమ్మాయిలకు బోధించిన పాఠ్యాంశాలలో అధికభాగం ఆ శిష్యురాలి దగ్గర నేర్చుకున్నవే. ఇంటింటికీ వెళ్లి పిల్లలను చేర్పించమని అడిగేటప్పుడు ఆమె ఇక ఉపన్యాసాలు చెప్పలేదు. తానెవరి పని చూసి కుళ్లుకుంటున్నారో, ఎందుకు కుళ్లుకుంటున్నారో చెప్పి వచ్చేవారు. మెట్‌పల్లి, గొల్లపల్లి, కోరుట్ల తల్లులకు ఆ భాష సులభంగా అర్థమైంది. నేడు మన కంప్యూటర్ విభాగంలో అబ్బాయిలకంటే అమ్మాయిలే ఎక్కువ.

గత వారం మన కేంద్రానికి, వసంత గారు ఎన్నో ఏళ్లుగా కోరుతున్న కొత్త ఎంబ్రాయిడరీ యంత్రం వచ్చింది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను చూస్తుండగానే గుడ్డమీద కుట్టే యంత్రమది. పెట్టె విప్పుతుండగా ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆమె స్థానంలో బాధ్యతలు స్వీకరించనున్న యువ అధ్యాపకురాలు కుమారి రజిత, మేడం గారే ప్రారంభించాలని పక్కకు తప్పుకున్నారు. వసంత గారు మొహమాటానికైనా వద్దనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కేంద్రం మూసే వేళదాకా ఆ యంత్రాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. లేచేటప్పుడు రజిత భుజంమీద చేయి వేసి, "నేను పోయినంక నువ్వు రోజు దీనిమీద చేస్తవని తలుసుకుంటె నాకు బగ్గ కుళ్లుగున్నది" అన్నారు. ఆ రోజు తన బస్సు దాటిపోయినా, రజిత ఆ యంత్రం దగ్గరే మరికొంతసేపు ఉండిపోయారు.

ఉద్యోగ జీవితపు చివరి రోజులలో కూడా ఒకరి పనిని చూసి ఇంతగా ఉవ్విళ్లూరగల సహోద్యోగి మాకు దొరకడం మా అదృష్టం. శ్రీమతి వసంత గారికి చూపు మందగించకుండా, వేళ్లలో చురుకు తగ్గకుండా, శ్రీ మహేందర్ గారి సాహచర్యంలో, బిడ్డల ఆదరణలో, సంపూర్ణ ఆరోగ్యంతో సుదీర్ఘ జీవితం లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఆమె కన్నుకుట్టేటంత మంచి పని చేసే ఆడపిల్లలు ఈ నేలమీద ఏటేటా తయారవుతూ, ఆమెను నూరేళ్లూ నిశ్చింతగా నిద్రపోనివ్వకుండుదురు గాక.