తెలిసిన మాటలే కదా

బట్టలు కుట్టే కర్మాగారంలో భోజనాల వేళ. ఇస్త్రీ బల్లల వెనక ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల మధ్య ఒక ఫోను. పెద్దావిడ ఇంగ్లిషు తరగతిలో చేరి నాలుగు నెలలైంది. అంతకుముందే చేరిన చిన్నావిడను మాస్టారు ఆమెకు జంటగా కూర్చోబెట్టారు, పక్కనుండి నేర్పమని. టిఫిన్ డబ్బా మూత ఇంకా తియ్యలేదు పెద్దావిడ.

"ఇది వద్దక్కా. వేరేది పెట్టు."

"ఏం, దీనికేమైంది?"

"పాతది. వెనకాల ఒకటే గోల. మొన్న చెప్పుల కొట్లో మాట్లాడావు చూడు, అది పెట్టు."

"చెప్పుల కొట్టు, బస్సు, బ్యాంకు, అన్నీ నువ్వు చెప్పినవే చేశాను టీచరమ్మా. ఈ వారం పాఠం నన్నే ఎంచుకోమన్నారు మాస్టారు. ఫోనులో రికార్డయి ఉన్న మాటలై ఉండాలి, మన బతుకులోవై ఉండాలి. సగం వేగంలో పెట్టుకుని వినాలి, విన్నది అర్థంతో సహా రాయాలి, జంటకి చూపించాలి. అంతేగా?"

"అంతే. కానీ ఇది..."

"ఇది మా ఆయన్ని చూసిన డాక్టరు మాట్లాడింది."

"తెలుసు."

"తెలియకేం, నా పక్కనే నిలబడ్డావుగా. ఇదిగో, ఈ ఇయర్‌ఫోను నీ చెవిలో పెట్టుకో, అది నాకు."

"నాకు చెవి నొప్పిగా ఉంది."

"పొద్దున లేదే?"

"ఇప్పుడే మొదలైంది. అన్నం తిన్నావా నువ్వసలు?"

"తింటాలే. ఇదే ఎందుకు ఎంచుకున్నానో చెప్పనా? నవ్వకూడదు మరి."

"నవ్వనులే."

"అర్థం ముందే తెలిసిన మాటలైతే తొందరగా పట్టుబడతాయన్నారు మాస్టారు. అర్థం ముందే తెలిసిన ఇంగ్లిషు నా దగ్గర ఇంకేముంది? మా ఆడపడుచుకి వినిపిద్దామని ఆ రాత్రి రికార్డు చేసుకున్న ఈ మూడు నిమిషాలే. ఆస్పత్రి వరండాలో డాక్టరు ఇంగ్లిషులో చెప్పాడు, నువ్వు మన మాటల్లో చెప్పావు. 'బాగానే ఉన్నాడట అక్కా, నువ్వు ఇంటికెళ్లి పడుకుని పొద్దున రమ్మంటున్నాడు' అని. తెలిసిన మాటలే కదా, ఒక్క రోజులో రాసేద్దామనుకున్నాను."

"అక్కా, సూపర్‌వైజరు ఇటే చూస్తున్నాడు."

"చూడనీ. ఈ అరగంట మనది."

"ఎప్పుడో రెండేళ్ల కిందటి సంగతి..."

"ఇరవై నెలలు."

"సరే, ఇరవై నెలలు. మళ్లీ ఇప్పుడు వినడం, ఏడవడం, దేనికి?"

"ఏడుస్తున్నానా నేను?"

"లేదు."

"తొమ్మిది రోజులు పట్టింది రాయడానికి. ఆ 'బాగానే ఉన్నాడు' అనే ముక్క కోసం వెతికాను. మొదటి నిమిషంలో లేదు. రెండోదాంట్లో ఉంటుందిలే అనుకున్నాను. అక్కడా లేదు. నా చెవులే మొద్దుబారాయనుకుని మళ్లీ మొదటినుంచి..."

"ఉన్నదున్నట్టు ఉండదక్కా. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి చెప్పేటప్పుడు కాస్త అటూ ఇటూ..."

"చదవనా?"

"వద్దు."

"తప్పులుంటే దిద్దాలిగా. జంటవి కదా నువ్వు?"

"ఆ ఫోనిలా ఇవ్వు. తీసేద్దాం దాన్ని."

"చెయ్యి తియ్యి. చెయ్యి తియ్యమన్నానా! ఊఁ... విను. 'గుండె ఇంక ఎక్కువసేపు తట్టుకోదు. తెల్లారేదాకా ఉండకపోవచ్చు. ఇంట్లోవాళ్లని పిలవండి. ఈ రాత్రి ఎవరో ఒకరు ఆయన పక్కనే కూర్చోండి.' తప్పుందా ఎక్కడైనా?"

"డబ్బా మూత తియ్యక్కా, అన్నం చల్లారిపోతుంది."

"నిన్నే. తప్పుందా?"

"లేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు. బాగా రాశావు."

"అయితే నూటికి నూరు వేసుకోనా?"

"అక్కా, నీకు దణ్ణం పెడతాను."

"ఇంటికెళ్లి పడుకున్నాను చెల్లీ. నెల రోజుల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను. పొద్దున్నే ఉతికిన చొక్కా పట్టుకెళ్లాను, ఇంటికి పంపేస్తారేమో, తొడుక్కొస్తాడని. మంచం మీద దుప్పటి మార్చేసి ఉంది."

"తెలుసు."

"నీకు తెలుసు. నేననేదీ అదే. చివర్లో డాక్టరు అడిగాడు, అర్థమైందా అని. 'ఎస్' అంది నీ గొంతు. పాపం ఆయన మళ్లీ అడిగాడు, ఇంకా నెమ్మదిగా. 'ఎస్, ఎస్' అన్నావు. సగం వేగంలో ఎంత పొడుగ్గా వినిపిస్తుందో తెలుసా ఆ మాట?"

"చాలక్కా."

"నిన్ను తిట్టని తిట్టు లేదు ఈ తొమ్మిది రోజులూ. మళ్లీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా మొహం చూసి దానికి నోరు రాలేదు, జాలిపడింది, జాలితోనే దాచింది అని. అదే నిజమైతే ఇక్కడ నీ పక్కన కూర్చుని ఈ డబ్బా మూత తియ్యగలను. కాకపోతే తియ్యలేను. ఒక్క మాట చెప్పు. జాలితోనే కదా?"

"సైరన్ మోగుతుంది, లే."

"ఇంకా ఐదు నిమిషాలుంది. జాలితోనే కదా?"

"అవునంటే వదిలేస్తావా?"

"వదిలేస్తాను. నీ ఎదురుగానే దీన్ని తీసేస్తాను. అవునను."

"అప్పట్లో నన్నందరూ ఇంగ్లిషు పిల్ల అనేవాళ్లు, గుర్తుందా? చొక్కాల మీద సైజులు, రంగుల పేర్లు గడగడా చదివేస్తున్నానని."

"అందుకే కదా నిన్ను లాక్కెళ్లాను. ఇప్పుడా గొడవెందుకు?"

"నాకూ బాగుండేది, అలా పిలుస్తుంటే. ఆ డాక్టరు మెత్తగా మాట్లాడాడక్కా. మధ్యలో నా భుజం తట్టాడు. కొంచెం నవ్వినట్టు కూడా..."

"డాక్టరు సంగతి నాకొద్దు. నీ సంగతి చెప్పు. దాచావా, లేదా?"

"మర్నాడు నువ్వు ఏడుస్తూ ఫోను చేశావు. ఆ వారమే నేనీ తరగతిలో చేరాను. కావాలంటే మాస్టారినడుగు."

"దాచావా, లేదా?"

"దాచాలంటే నాకర్థమవ్వాలి కదక్కా."