నీ ఉత్తరం నాకు, నా ఉత్తరం నీకు

గ్రెనడా దీవి, గ్వావ్ ఊరు. శుక్రవారం మధ్యాహ్నం. ఇస్మే డుబ్వా ఇంటి వెనక వరండా, పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఆయిల్ డౌన్ కూర.

“గేటు దగ్గరే ఆగు ఒస్బర్ట్. చెప్పేదేదో అక్కణ్ణుంచే చెప్పు. నిన్ను కరిస్తే నా కుక్కకి జబ్బు చేస్తుంది.”

“పందొమ్మిదేళ్ళ తర్వాత గడప తొక్కితే ఇదా మర్యాద?”

“గడప ఇంకా తొక్కలేదుగా. తొక్కాక చూద్దాం మర్యాద సంగతి.”

“ఎండ మాడ్చేస్తోంది ఇస్మే. డెబ్భై మూడేళ్ళవాణ్ణి.”

“గాడిదలకి ఎండేం చేస్తుంది?”

“అదిగో, మొదలెట్టావు! నీ మూడో నవల్లో గాడిదకి నా టోపీ పెట్టావు, నా నడక పెట్టావు, చివరికి నా ఆవలింత కూడా పెట్టావు. ఊరంతా గుర్తుపట్టింది. ఇప్పటికీ చేపల సంతకి వెళ్తే నన్ను చూసి ఎవడో ఒకడు ఓండ్ర పెడతాడు.”

“ఓండ్ర పెట్టాడంటే చదివాడన్నమాట. నీ పుస్తకాలు చదివి ఎవరైనా కనీసం దగ్గారా?”

“సరే, సరే. నేనొకటన్నాను, నువ్వొకటన్నావు. చెల్లుకి చెల్లు. లోపలికి రానా?”

“రా. ఊరికే కూర్చోకు, ఆ సీమపనస కోసిపెట్టు. కత్తి అక్కడే ఉంది. ఇంతకీ ఏం పనిమీద తగలడ్డావు?”

“ఒక ఉత్తరం కావాలి.”

“ఏం ఉత్తరం?”

“సిఫార్సు ఉత్తరం. అదే... ఆ చలిదేశం పరిశోధన సంస్థ ఉందే. కరీబియన్ రచయితల్ని పిలిచి, తొమ్మిది నెలలు గదిచ్చి, తిండి పెట్టి, రాసుకోండి అంటారు. ‘పేరు పడ్డ రచయితలకు మాత్రమే’ అని కింద గీత కూడా గీశారు.”

“పేరు పడ్డవాడివి, నీకు మళ్ళీ సిఫార్సెందుకు?”

“రూలు. సొంత దేశంలోనే, ఐదు పుస్తకాలకి తక్కువ కాకుండా రాసిన ఇంకో రచయిత రాసివ్వాలట. మన దీవిలో ఐదు దాటినవాళ్ళు ఎవరున్నారు? నువ్వూ, నేనూ.”

“ఫాదర్ అలోషియస్ లేడూ?”

“ఆయన రాసినవన్నీ ప్రార్థన పుస్తకాలు. పైగా నిరుడు పోయాడు.”

“పోయినా నీకన్నా బాగానే రాస్తాడు.”

“ఆ రూలు పెట్టినవాడు ఏ పెద్ద దేశంలోనో పుట్టుంటాడు. చిన్న దీవిలో ఇద్దరు రచయితలుంటే ఆ ఇద్దరికీ మాటలుండవని వాడికేం తెలుసు!”

“అది సరేగానీ, నీకెందుకయ్యా ఇప్పుడిది? పదేళ్ళ కిందట ఇలాంటిదానికే ఎక్కడికో వెళ్ళొచ్చావుగా. ఎన్ని పేజీలు రాశావు?”

“పదకొండు.”

“అందులో తొమ్మిది గదిలో హీటరు గురించి.”

“నీకెవరు చెప్పారు?”

“మీ ఆవిడే. సంతలో కనబడ్డప్పుడల్లా చెప్పి పడీపడీ నవ్వేది, పాపం మహాతల్లి.”

“ఆ హీటరు మామూలుది కాదు ఇస్మే. రాత్రంతా మూలిగేది. ఇక గురువారం వచ్చిందంటే ముసలమ్మల్ని పోగేసి నన్ను చదవమనేవాళ్ళు. చదివాక ఒకటే ప్రశ్న. తుఫాను వస్తే మీకెలా అనిపిస్తుంది? ఎలా అనిపిస్తుందమ్మా, ఇంటికప్పు ఎగిరిపోతే తడిగా అనిపిస్తుంది, అన్నాను. అందరూ రాసుకున్నారు.”

“మరి మళ్ళీ ఎందుకు, చావడానికా?”

“హీటరు గురించి చెప్పాల్సింది ఇంకా మిగిలింది.”

“వేషాలెయ్యకు.”

“మా ఇంటి పక్కన కొత్త చర్చి కట్టారు. నాలుగు స్పీకర్లు. దేవుడికి చెవుడని వాళ్ళకెవరో చెప్పినట్టున్నారు. అక్కడైతే కాస్త ప్రశాంతంగా ఉంటుంది. ఇంతకీ రాస్తావా, రాయవా?”

“రాయను.”

“ఆ పళ్ళెం అటివ్వనా?”

“ఏయ్, మూత జోలికి వెళ్ళావంటే చెయ్యి విరుగుతుంది! కొబ్బరిపాలు ఇంకేదాకా ఆయిల్ డౌన్‌ని కదపకూడదని మీ అమ్మ నీకు చెప్పలేదూ?”

“మూత కాదు. చేమాకు పళ్ళెం. దాని కింద ఏదో కాగితం కనబడుతోంటేనూ...”

“అది నాది. ముట్టుకోకు.”

“ఈ ముద్ర నాకు తెలుసే. ‘మౌనం మీ రచనకు ఏవిధంగా తోడ్పడుతుంది?’ హహ! మౌనమా, నీకా? నువ్వూ పెట్టావా దరఖాస్తు?”

“పెడితే?”

“ఉత్తరానికి ఇవాళే కదా ఆఖరు రోజు. నాలుగింటి టపాలో వెయ్యాలి, ఇవాళ్టి ముద్ర పడాలి. నీకెవరు రాశారు?”

“ఎవరో రాశారు.”

“ఎవరో అంటే?”

“ఎవరో అంటే ఎవరో.”

“ఎవరో అంటే ఎవరూ లేరుగా ఇస్మే.”

“ఎవరూ రాయలేదు! చాలా? మూడు వారాలుగా ఆ కాగితం అక్కడే పడుంది. నీ గుమ్మం దాకా రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ నువ్వు కిటికీ దగ్గర కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నావు. పోయిపోయి ఆ మొహాన్ని అడగడమా అని తిరిగొచ్చేశాను.”

“పిలిస్తే పలికేవాణ్ణి.”

“దేబిరించడం మా ఇంటా వంటా లేదు.”

“ఈ వయసులో ఆ చలికి మోకాళ్ళు పట్టేస్తాయి. ఆ గదికోసం ఎందుకంత...”

“వాళ్ళ గది ఎవడిక్కావాలయ్యా! నాకు వాళ్ళ నేలమాళిగ కావాలి. నీకూ తెలుసుగా, మన బెల్ రోష్ తోట దొరలు రాసుకున్న ఉత్తరాలు, పద్నాలుగు పెట్టెలు, అక్కడే మగ్గుతున్నాయి. బయటినుంచి వచ్చినవాళ్ళకి చూపించరు. లోపలుండి రాసుకునేవాళ్ళకే. మనవాళ్ళ సంగతులు వాళ్ళ పెట్టెల్లో, చూడాలంటే మనమే కాళ్ళావేళ్ళా పడాలి. ఈ ఏడాదితో రచయితల్ని పిలవడం కూడా ఎత్తేస్తున్నారట.”

“మీ నానమ్మ వాళ్ళ అక్క కోసం.”

“ఊఁ. యూలలీ. తొమ్మిదేళ్ళ పిల్లని దొరసాని పనికని ఓడెక్కించుకుపోయింది. మళ్ళీ చావో బతుకో కబురు లేదు. ఆత్మల పండగనాడు ఊరంతా సమాధుల మీద కొవ్వొత్తులు పెడుతుంటే మా నానమ్మ ఒక్కతీ కొవ్వొత్తి పట్టుకుని సముద్రం ఒడ్డున నిలబడేది. అక్క ఏ మట్టిలో ఉందో తెలియదు కదా. నానమ్మ తర్వాత అమ్మ నిలబడింది. అమ్మ తర్వాత నేను. గాలికి ఆరిపోతుంది ఒస్బర్ట్. ఏటా ఆరిపోతుంది, ఏటా తిట్టుకుంటూ మళ్ళీ వెలిగిస్తాను. నాకు పిల్లాజెల్లా లేరు. నా తర్వాత వెలిగించేవాళ్ళు కూడా లేరు.”

“నీ రెండో నవల ఆ పిల్ల కథే కదా.”

“దానిమీదే కదా నువ్వు పేపర్లో ఏడ్చావు. ‘ఈ పుస్తకం బరువైనది, గాలికి తలుపు కొట్టుకోకుండా ఆపుతుంది’ అని.”

“అది నవ్వులకి రాశాను.”

“అదైతే నేనూ నవ్వాను. దాని తర్వాత మాట! ‘ముగింపు అబద్ధం. ఆ పిల్ల ఏమైందో రాసినామెకే తెలియదు’ అన్నావు. నాకెందుకంత మంటెత్తిందో తెలుసా? నిజం కనక. ఊళ్ళో ఒక్క పురుగూ కనిపెట్టలేదు, దొంగ సచ్చినోడా, నువ్వు కనిపెట్టావు.”

“సీమపనస అయిపోయింది. ఇంకేమైనా కొయ్యనా?”

“మాట మార్చకు.”

“మార్చట్లేదు. బేరం చెబుతున్నా. నీ ఉత్తరం నాకు, నా ఉత్తరం నీకు. సరేనా?”

“దేశానికి ఒక్కరినే పిలుస్తారు. తెలుసా?”

“తెలుసు.”

“మరి నువ్వు నాకు బాగా రాస్తావని ఏంటి నమ్మకం?”

“ఇదిగో, రాసే తెచ్చాను. చదువుకో.”

“రాసే తెచ్చావా? నేను దరఖాస్తు పెట్టినట్టు నీకెలా తెలుసు?”

“పోస్టాఫీసు వెర్నెట్.”

“దాని నోరు పడిపోను! కవరు మీద జిగురు ఆరకముందే...”

“ముందు చదువు తల్లీ.”

“కళ్ళజోడు లోపలుంది. నువ్వే చదివి చావు.”

“‘అయ్యా, ఇస్మే డుబ్వా మా దీవిలో అందరికన్నా మొండిఘటం. ఆవిడకీ నాకూ పందొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. కాబట్టి ఇందులో మొహమాటానికి రాసింది ఏమీ లేదు. ఆవిడ ఆరు పుస్తకాలూ చదివాను. గాడిద ఉన్న పుస్తకం రెండుసార్లు చదివాను. గాడిద బాగుంది.’”

“ఒస్బర్ట్...”

“ఉండు. ‘ఒక పుస్తకం ముగింపు అబద్ధమని పేపర్లో రాసింది నేనే. నిజం తెలుసుకునే దారి ఆవిడకి లేదని మాత్రం రాయలేదు. ఆ తప్పు నాది. ఆ నిజం మీ నేలమాళిగలో ఉంది. ఆవిడకి గది ఇవ్వకపోయినా ఫర్వాలేదు, హీటరు ఇవ్వకపోతే మరీ మంచిది. తాళంచెవి ఇవ్వండి.’ అంతే. కింద సంతకం. పైన నీ దరఖాస్తు నంబరుకి చోటు వదిలాను. ఎంత? ఇస్మే? ఎంతంటే?”

“పొగ కళ్ళల్లో పడింది. నలభై ఒకటి.”

“నలభై... ఒకటి. అయిపోయింది. ఇక బయల్దేరు.”

“ఆగు. మాటంటే మాటే. నీది రాయకుండా కదల్ను. ఆ పెన్నివ్వు. ‘అయ్యా, ఒస్బర్ట్ లాటూష్ ఒక గాడిద.’”

“ఇస్మే!”

“నోర్మూసుకుని విను. ‘కానీ ఎవరికీ వినబడని మాట కూడా వినబడే చెవులున్న గాడిద మా దీవిలో ఇదొక్కటే. ఆయనకో గది ఇవ్వండి. చుట్టుపక్కల స్పీకర్లు లేకుండా చూడండి. హీటరు గురించి మాత్రం రాయనివ్వకండి.’ ఎలా ఉంది?”

“బాగుంది. చాలా బాగుంది. ఇలా ఇవ్వు, జేబులో పెట్టుకుంటా.”

“జేబులో ఎందుకు? రెండూ నేనే పోస్టులో వేసొస్తాను. మూడున్నరయింది. నీ నంబరు చెప్పు.”

“ఏం నంబరు?”

“దరఖాస్తు నంబరయ్యా! పైన నంబరు లేకపోతే తీసి చెత్తబుట్టలో పడేస్తారు.”

“నువ్వు వెళ్ళు, ఆలస్యమవుతుంది. నాలుగు దాటితే వెర్నెట్ ఒక్క నిమిషం ఆగదు. గిన్నె నేను చూసుకుంటాలే.”

“మర్చిపోయావా? పోగొట్టావా?”

“మూత తియ్యన్లే, వెళ్ళు.”

“ఒస్బర్ట్. నంబరు.”

“దరఖాస్తు పెడితే కదా ఇస్మే, నంబరిచ్చేది.”